చదువుకున్న ఒక స్త్రీ

పులిహోరకి పోపు వేస్తుండగా వసుమతికి బాణలిలో కుడి సగం కనబడటం మానేసింది. ఎడమ పక్క ఆవాలు చిటపటలాడుతున్నాయి, ఎండుమిరపకాయలు రంగు తిరుగుతున్నాయి. కుడి పక్క ఏమీ లేదు. చీకటి కూడా కాదు, ఊరికే లేదు. ఆ లేని చోటు అంచున సన్నటి మెరుపు గీత ఒకటి రంపపు పళ్ళలా వంకరలు తిరుగుతూ వణుకుతోంది. ఇంకో ఇరవై నిమిషాల్లో ఆ మెరుపు పోతుందనీ, అది పోగానే ఎడమ కణతలో నొప్పి మొదలవుతుందనీ ఆమెకు తెలుసు. నొప్పి వచ్చాక వాసనలు భరించలేదు. కాబట్టి వాసన వచ్చే పనులన్నీ ఈలోపే ముగించాలి. పులిహోర కలిపేయాలి, వంకాయ కూర దించేయాలి, గారెలు కనీసం మొదటి వాయి తీసేయాలి. పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు బాగా అబ్బిన నేర్పు ఇదొకటి.

అది 1982 డిసెంబరులో ఒక ఆదివారం. డెట్రాయిట్ శివారు నోవైలో రెండు రోజులుగా మంచు పడుతోంది. భర్త డాక్టర్ రామమోహన్ డ్రైవ్‌వే మీద మంచు తీసి లోపలికొచ్చి, బూట్లు విప్పుతూ, పన్నెండున్నరకల్లా అందరూ వచ్చేస్తారని గుర్తుచేశాడు. వంటింటి గుమ్మంలో ఆగి ఆమెను ఒకసారి చూసి, "మొహం కాస్త సరిగ్గా పెట్టు వసూ," అన్నాడు.

వచ్చినవాళ్ళు ఆరు జంటలు. మగవాళ్ళంతా డాక్టర్లే. వడ్డిస్తుంటే గరిటె తప్పి టేబుల్ క్లాత్ మీద నెయ్యి ఒలికింది. ఒకావిడ ఆమె ఎడమ కన్ను ఎర్రబడి ఉండటం చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. రామమోహన్ నవ్వుతూ తానే జవాబు చెప్పాడు. మా ఆవిడకి పార్టీ అంటే టెన్షన్, టెన్షన్ వస్తే తలనొప్పి, కిందటేడు స్కాన్ కూడా తీయించాను, బ్రెయిన్‌లో ఏమీ లేదు, అన్నాడు. ఆ చివరి మాట పట్టుకుని ఎవరో, "ఏమీ లేదని స్కాన్ తీశాకగానీ తెలియలేదా?" అన్నారు. అందరూ నవ్వారు. వసుమతి కూడా నవ్వి, మజ్జిగ పులుసు గిన్నె అందుకుంది. తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చి అందరికీ కాఫీలిచ్చింది.

ఆమె వాల్తేరులో బోటనీ ఎమ్మెస్సీ చేసింది. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో ఏడాది పాఠం చెప్పింది. పెళ్ళయ్యాక డెట్రాయిట్ వచ్చేసరికి రామమోహన్ రెసిడెన్సీలో ఉన్నాడు. ఆయన సొంత క్లినిక్ పెట్టుకున్న రోజున, ఇంట్లో మనిషి ఉండగా ముందు డెస్క్‌లో బయటి మనిషెందుకన్నాడు. అప్పటినుంచి ఫోన్లు ఎత్తేదీ, ఫైళ్ళు సర్దేదీ, ఆయన ఉత్తరాలన్నీ టైప్ చేసేదీ ఆమే. ఎక్కడైనా ఫారంలో ఉద్యోగం అన్నచోట మాత్రం ఆయన హౌస్‌వైఫ్ అనే రాసేవాడు. అందులో అబద్ధం ఏముందో ఆమె కూడా వేలు పెట్టి చూపించలేకపోయేది. ఉదయం కూతురు రేణుకి లంచ్ బాక్స్ కట్టి బస్సెక్కించడం, తొమ్మిదికి క్లినిక్ తలుపు తీయడం, అయిదున్నరకి ఇంటికొచ్చి కుక్కర్ పెట్టడం, వీటి మధ్య నెలకి ఏడెనిమిది సార్లు తలలో సగం పగిలిపోవడం. మాత్రలు ఆయనే ఇచ్చేవాడు. ఒకటి వాడితే కడుపులో తిప్పేది, ఇంకోటి వాడితే మెట్లెక్కలేనంత నీరసం వచ్చేది. పనిచేయలేదంటే, "నీకేం తక్కువైందని ఈ స్ట్రెస్? పెద్ద ఇల్లుంది, కారుంది, బంగారం లాంటి పిల్ల ఉంది," అనేవాడు. కొడుకు పుడితే ఇలాంటివన్నీ వాటంతటవే పోతాయని అత్తగారు విజయవాడ నుంచి రాసేది. నొప్పి గురించి ఇంతమంది ఇన్ని మాటలు చెప్పారు కదా, అది ఎక్కడ వస్తుందని ఒక్కరూ అడగలేదన్న సంగతి వసుమతికి చాలాకాలం తట్టనే లేదు.

తట్టేలా చేసింది మిసెస్ నోవాక్. ఆవిడ స్కూల్ బస్సు నడిపి రిటైరయిన పోలిష్ ముసలావిడ, రామమోహన్ పేషెంటే. జనవరిలో ఒకరోజు రక్తపోటు చూపించుకోవడానికి వచ్చి, డెస్క్ వెనక వసుమతి కణత నొక్కుకుంటూ ఫోన్‌లో మాట్లాడటం చూసింది. ఫోన్ పెట్టేసేదాకా ఆగి, ముందుకు వంగి గుసగుసగా చెప్పింది. తనకీ ముప్పై ఏళ్ళు అదే బాధ ఉండేదట. డెట్రాయిట్‌లో ఒక చైనా ఆవిడ సూదులు వేస్తుందట. ఇప్పుడు ఎప్పుడో తప్ప రావడం లేదట. లోపలి గది వైపు ఒకసారి చూసి, "డాక్టర్‌గారికి చెప్పకు," అంటూ ఒక చీటీ మీద అడ్రసు రాసిచ్చింది.

మంగళవారాలు రామమోహన్‌కి హాస్పిటల్ డ్యూటీ, క్లినిక్ ఉండదు. వసుమతి ఆ వచ్చే మంగళవారమే వెళ్ళింది. డౌన్‌టౌన్‌కి దగ్గర్లో, సగం షాపులు మూతపడ్డ వీధి అది. టీ పొడులూ ఎండు పుట్టగొడుగులూ అమ్మే చిన్న కొట్టు. కొట్టు నడిపేది హెలెన్ అని నలభై ఏళ్ళావిడ. కర్టెన్ వెనక గదిలో కూర్చున్న మిసెస్ లియాంగ్ ఆమెకు అత్తగారు. ముసలావిడకి ఇంగ్లీషు రాదు. కొట్టులో పని ఆపి కోడలే వచ్చి, పక్కన నిలబడి ఆవిడ మాట ఈమెకీ, ఈమె మాట ఆవిడకీ చెప్పింది.

మొట్టమొదటి ప్రశ్న, నొప్పి ఎక్కడ అని.

తలలో, అంది వసుమతి.

"తలలో ఎక్కడ? వేలితో చూపించమంటోంది," అంది హెలెన్.

వసుమతి ఎడమ కంటి కొస దగ్గర వేలు పెట్టి, కణత మీదుగా, చెవి పైనుంచి, మెడ వెనక గుంట దాకా గీసి చూపించింది. ముసలావిడ తలూపింది. లేచి వచ్చి, వసుమతి వేలు ఆగిన చోట తన వేలు పెట్టి ఆ గీతనే పొడిగించింది. భుజం మీదికి, అక్కణ్ణుంచి పక్కటెముకల మీదుగా తుంటికి, కాలి బయటి వైపునుంచి కిందికి, నాలుగో వేలి చివరిదాకా. అదంతా ఒకటే దారి అట. పిత్తాశయం దారి. వసుమతికి ఆ తుంటి దగ్గర ఎన్నేళ్ళుగానో పట్టేసినట్టుండటం, ఆ పక్కటెముకల కింద బరువు గుర్తొచ్చాయి. వాటిని ఎవరికీ చెప్పలేదు. తలనొప్పికీ వాటికీ సంబంధం ఉంటుందని తోచక కాదు, ఇంకో రెండు ఫిర్యాదులు చేయడానికి మొహం చెల్లక.

ప్రశ్నలు అరగంట సాగాయి. పోటా, బరువా? వేడి హాయిగా ఉంటుందా, చల్లదనమా? నెలసరికి ముందు ఎక్కువా? పొద్దున లేస్తే నోరు చేదుగా ఉంటుందా? నాలుక చాపించి చూసింది, అంచులు ఎర్రగా ఉన్నాయంది. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్ళు ఆనించి, ఒకసారి తేలిగ్గా, ఒకసారి లోతుగా నొక్కి, కళ్ళు మూసుకుని చాలాసేపు నాడి చూసింది. బిగించిన తీగలా ఉందంది. శరీరంలో అన్నీ సాఫీగా నడిపించడం లివర్ పని అట. మింగేసిన కోపం, దిగులు, అనకుండా ఉండిపోయిన మాట, ఇవి దాన్ని బిగించేస్తాయట. బిగిసింది వేడెక్కుతుంది, వేడి పైకి లేస్తుంది, దాన్ని చల్లార్చాల్సిన నీరు కింద తక్కువైతే ఇంకా దూకుడుగా లేస్తుంది, ఆ పక్క దారిలోంచి తలకెక్కి గాలిలా కొడుతుంది.

"కోపం ఎవరి మీద అని అడుగుతోంది," అంది హెలెన్.

"ఎవరి మీదా లేదు," అంది వసుమతి.

ముసలావిడ వేళ్ళు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి. ఏదో అంది. చెప్పడానికి హెలెన్ కాస్త తటపటాయించింది. "నాడి అలా చెప్పడం లేదంటోంది."

సైన్సు చదివిన మనిషి కాబట్టి వసుమతికి ఇదంతా నమ్మకం కుదరలేదు. లివర్ ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. కోపం దాచుకునే పెట్టె కాదది. కానీ బల్ల మీద పడుకోబెట్టి ముసలావిడ కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఒక సూది, చేతి బొటనవేలి పక్క కండలో ఒకటి, మెడ వెనక గుంటల్లో రెండు, కణత దగ్గర ఒకటి దించినప్పుడు, చీమ కుట్టినంత నొప్పి పుట్టి, ఆ వెంటనే ప్రతి సూది చుట్టూ మొద్దుబారినట్టు ఒక బరువు వ్యాపించింది. వేడి ఏదో కాళ్ళవైపు దిగుతున్నట్టనిపించింది. నిజంగా దిగిందో, దిగాలని ఆమె అనుకుందో. హెలెన్ దీపం తగ్గించి కర్టెన్ వేసి వెళ్ళిపోయింది. అరగంట కదలకూడదు. పట్టపగలు, తన కోసం ఎవరూ ఎదురుచూడని చోట, చేయాల్సిన పనేమీ లేకుండా వెల్లకిలా పడుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తురాలేదు. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. సూదులు ఉన్నాయి కాబట్టి తుడుచుకోలేదు.

కషాయం కాచుకోమని ఇచ్చిన మందు పొట్లం విప్పి చూసినప్పుడు ఇంకొకటి జరిగింది. అందులో ఉన్నవాటి పేర్లు హెలెన్ చైనా భాషలో చెబుతుంటే వసుమతి వాటిని చేత్తో తిప్పి చూసి గుర్తుపట్టడం మొదలుపెట్టింది. ఇవి చామంతులు. ఈ కొక్కేల ముళ్ళున్న పుల్లలు కాఫీ చెట్టు కుటుంబానివి. ఎండు అల్లంలా ఉన్న ఈ బిళ్ళలు ఒక ఆర్కిడ్ దుంపవి, పచ్చటి ఆకులే ఉండని ఆర్కిడ్. లాటిన్ పేర్లు ఒకదాని వెనక ఒకటి నోట్లోకి వచ్చేశాయి. ముసలావిడ మొదటిసారి నవ్వి, ఈమె ఏం చేస్తుంటుందని అడిగింది. డాక్టరు భార్యని అని చెప్పబోయి వసుమతి ఆగి, బోటనీ చదివానంది.

పొట్లంలోని ఆల్చిప్ప ముక్కల్ని ముందు అరగంట మరిగించాలి. తర్వాత వేళ్ళూ దుంపలూ. కొక్కేల పుల్లలు దించబోయే అయిదు నిమిషాల ముందు. ఇనుప గిన్నె వాడకూడదు. ఆమె గాజు గిన్నెలో, రేణు స్కూల్లో ఉన్నప్పుడు, కిటికీలు తెరిచి కాచుకునేది. ఇల్లంతా తడిమట్టీ చేదూ కలిసిన వాసన. ఒకసారి రామమోహన్ తొందరగా ఇంటికొచ్చి ఇదేం కంపని అడిగితే పప్పు మాడిందని చెప్పింది. ఆయన మాడిన పప్పు మీద కాసేపు మాట్లాడాడు.

ప్రతి మంగళవారం వెళ్తుంటే, ఫిబ్రవరిలో నొప్పి అయిదుసార్లు వచ్చింది. మార్చిలో రెండుసార్లు. ఒకరోజు క్లినిక్‌లో ఫైళ్ళు సర్దుతూ ఆమె ఏదో పాట కూనిరాగం తీసి, తానే ఉలిక్కిపడి ఆగిపోయింది. ఈ మాట చెప్పినప్పుడు మిసెస్ లియాంగ్ సంతోషించలేదు. నాడి చూసి, హెలెన్ చేత ఇలా చెప్పించింది: "నేను దాన్ని దించుతాను. నువ్వు ఇంటికి వెళ్తావు. అది మళ్ళీ లేస్తుంది. మీ ఇంటికి నేను సూదులు వెయ్యలేను."

ఏప్రిల్‌లో మిసెస్ నోవాక్ రామమోహన్‌తో పోట్లాడింది. ఆయన మందు మానేశానని, ఎందుకు మానేసిందో, ఎక్కడికి వెళ్తోందో, ఏ వీధో గర్వంగా చెప్పి మరీ వెళ్ళింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన వసుమతిని టైప్‌రైటర్ ముందు కూర్చోబెట్టి, వెనక అటూ ఇటూ నడుస్తూ ఉత్తరం చెప్పడం మొదలుపెట్టాడు. వైద్యుల లైసెన్సులు చూసే బోర్డుకి. లైసెన్సు లేకుండా, ఏ డాక్టరూ పర్యవేక్షించకుండా సూదులు వేస్తున్న ఒక చైనా స్త్రీ గురించి. ఆయన చెప్పిన చట్టం నిజమే. పేరు చెప్పాడు, వీధి పేరు చెప్పాడు. వసుమతి చేతులు ఆగాయి.

"ఆగావేం?"

"నేనూ అక్కడికే వెళ్తున్నానండీ," అంది, టైప్‌రైటర్ వైపే చూస్తూ. "జనవరి నుంచి. తగ్గింది కూడా."

వెనక నడక ఆగింది. ఆయన అరుస్తాడనుకుంది. అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన అడిగిన మొదటి మాట, "అక్కడ నిన్నెవరైనా చూశారా?" అని.

ఎవరూ చూడలేదంది. ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. అది ప్లసీబో అని, మన వాతపిత్తాలకే చైనావాళ్ళు పెట్టిన పేర్లని, చక్కెర బిళ్ళలు ఇచ్చినా అంతే తగ్గేదని. పదకొండేళ్ళు మీ బిళ్ళలతో ఎందుకు తగ్గలేదని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది. ఆయన ఏదో ఆలోచించి లేచి, "నిజానికి ఇది మంచి పాయింటే," అన్నాడు. మళ్ళీ నడక మొదలుపెట్టి చెప్పాడు. మా సమాజానికే చెందిన, నాకు బాగా తెలిసిన, సైన్సులో పట్టా ఉన్న చదువుకున్న ఒక స్త్రీ సైతం ఈమె చేతిలో మోసపోయింది. అలాంటప్పుడు చదువులేని వారి గతి ఏమిటి.

వసుమతి అది టైప్ చేసింది.

ఎందుకు చేశానని తర్వాత నెలల తరబడి తనను తాను అడుగుతూనే ఉంది. భయమా అంటే ఆయన ఏనాడూ చెయ్యి ఎత్తిన మనిషి కాదు. చేయనంటే ఏం జరిగేది? బహుశా ఏమీ జరిగేది కాదు. రెండు రోజులు ముభావంగా ఉండేవాడు. కానీ ఆయన గొంతు వెనకనుంచి వస్తుంటే ఆమె వేళ్ళు కదులుతాయి. అంతే, ఏళ్ళ తరబడి అలా కదిలాయి, మధ్యలో ఆమె ఎక్కడా లేదు. తప్పులు పడలేదు. కామాలు కూడా సరిగ్గా పడ్డాయి. కింద సంతకానికి చోటు వదిలి, ఎప్పటిలాగే ఎడమ మూల ఆయన పొడి అక్షరాలు పెద్దవిగా, పక్కన గీత గీసి, టైప్ చేసినవాళ్ళ గుర్తుగా తన పేరులో మొదటి అక్షరం చిన్నదిగా కొట్టింది. సోమవారం క్లినిక్ ఉత్తరాలన్నిటితో పాటు దాన్నీ తనే పోస్టులో వేసింది. ఆ మంగళవారం వెళ్ళలేదు. ఆ తర్వాతి మంగళవారాలూ వెళ్ళలేదు. వెళ్ళి ముందే చెప్పి ఉండొచ్చు. ఫోన్ చేసి ఉండొచ్చు. చేయలేదు.

మే చివర నొప్పి మళ్ళీ మొదలై, మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు, క్లినిక్ లేని మంగళవారం, ఎండ పడకుండా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని డెట్రాయిట్ డ్రైవ్ చేసింది. కొట్టు తెరిచే ఉంది. టీ పొడులున్నాయి. కర్టెన్ లేదు. వెనక గదిలో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. హెలెన్ ఆమెను చూసి, చేతిలో పని ఆపకుండానే చెప్పింది. ఇద్దరు మనుషులొచ్చారు, తమకొచ్చిన ఉత్తరం చూపించారు, సూదులన్నీ పట్టుకెళ్ళారు. ఇంకోసారి చేస్తే కోర్టు అన్నారు. అత్తగారు వాంకూవర్‌లో చిన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక రాదు.

వసుమతి ఏదో అనబోయింది. హెలెన్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉత్తరంలో చదువుకున్న ఒక స్త్రీ అని ఉంది. సైన్సు చదివిందని ఉంది. మా దగ్గరికి వచ్చినవాళ్ళలో అలాంటిది నువ్వొక్కదానివే."

"మోసపోయానని నేను అనలేదు. నేను టైప్..." అంది వసుమతి.

హెలెన్ ఆమెను కాసేపు చూసింది. కోపంగా కూడా కాదు. "అత్తగారు నిన్నేమీ అనలేదు. ఈమె నోటితో చెప్పలేనిది ఎప్పుడో ఒకప్పుడు ఎటో ఒకవైపు బయటపడుతుందని నాకు ముందే తెలుసంది. ఇటువైపు పడుతుందనుకోలేదంది."

ఇంటికి నలభై నిమిషాల దారి. సగం దారిలో రోడ్డులో ఒక పక్క కనబడటం మానేసింది. కారు పక్కకి తీసి, ట్రక్కులు పోతుంటే ఊగుతున్న కారులో స్టీరింగ్ మీద నుదురు ఆనించి కూర్చుంది. చెవి పైన, మెడ వెనక, భుజం, పక్కటెముకలు, తుంటి, కాలు. దారి పొడవునా ఎక్కడెక్కడ ఏముందో ఇప్పుడు ఆమెకు పేరుపేరునా తెలుసు. తెలియనప్పటి నొప్పే నయమనిపించింది. తెలుసుకోవడం నేర్పిన మనిషిని తన చేతుల్తో పంపించేసి, ఆ తెలివి మాత్రం తనతో ఉంచుకుంది. రేణు స్కూల్ బస్సు వచ్చే వేళకి ఎలాగో ఇల్లు చేరింది. చేరి అన్నం వండింది.

ఆ వేసవంతా నొప్పి వచ్చింది. జూలైలో పదిసార్లు. ఆయన మాత్ర మార్చాడు. ఆమె వేసుకుంది. ఎలా ఉందంటే బాగానే ఉందంది. నిజం చెప్పాల్సిన మనిషి దేశంలోనే లేనప్పుడు ఎవరికేం చెబితేనేం.

సెప్టెంబరులో బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. అది కూడా ఆమే కత్తిరించి తెరిచింది. నాలుగు వాక్యాలు. సదరు వ్యక్తి రాష్ట్రం వదిలి వెళ్ళినందున ఫైలు మూసేశామనీ, డాక్టర్ రామమోహన్ గారి అప్రమత్తతకు కృతజ్ఞతలనీ. ఆయన అది చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వారమే డాక్టర్ల సంఘం వాళ్ళు ఇలాంటి నాటు వైద్యాల మీద మాట్లాడమని ఆయన్ని పిలిచారు. ఆదివారం భోజనాలయ్యాక ఆయన నోట్స్ పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి పిలిచాడు.

"వసూ, వచ్చి కూర్చో. స్పీచ్ చెప్తాను. పదిహేను పేజీలు రావచ్చు. ఆ చదువుకున్నావిడ సంగతితోనే మొదలుపెడదాం, బాగుంటుంది."

వసుమతి గుమ్మం దాకా వెళ్ళింది. టైప్‌రైటర్ మూత తీసి, తెల్లకాగితం కూడా ఆయనే ఎక్కించి పెట్టాడు. కుర్చీ ఆమె కోసం కాస్త వెనక్కి లాగి ఉంది. ఆమె లోపలికి వెళ్ళి, ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, దాన్ని మళ్ళీ బల్ల కిందికి తోసేసింది.

"నేను చెయ్యలేనండీ. తలనొప్పిగా ఉంది," అంది.

ఆయన కళ్ళద్దాల మీదుగా చూశాడు. మాత్ర వేసుకో, సాయంత్రం చేద్దువుగాని అన్నాడు. సాయంత్రం కూడా ఉంటుందని ఆమె చెప్పింది. రేపు? రేపు కూడా ఉంటుందంది. గొంతు ఎక్కడా పెరగలేదు. పడకగదిలోకి వెళ్ళి, కర్టెన్లు లాగి, తలుపు గడియ పెట్టుకుంది.

ఆ రోజు ఆమెకు తలనొప్పి లేదు.